దామాషా ఫలితాన్ని చివరి సీటు నుంచి చదవడం ఎలా: క్వాజులు-నాటాల్ 2024 లెక్క

మన దగ్గర కౌంటింగ్ రోజు టీవీ ముందు కూర్చుంటే చూసేది ఒక్కటే: ఎవరు ఎన్ని చోట్ల ముందున్నారు, మ్యాజిక్ ఫిగర్‌కి ఎంత దూరంలో ఉన్నారు. ఇదే అలవాటుతో దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ రాష్ట్ర ఫలితం చూస్తే ఏమీ అర్థం కాదు. 2024 మే 29న అక్కడ ఎన్నికలు జరిగాయి. ఉమ్‌ఖోంటో వెసిజ్వే పార్టీ, పొట్టిగా ఎంకే, 45.35 శాతం ఓట్లతో అందరికన్నా చాలా ముందు నిలిచింది. రెండో స్థానంలో ఉన్న ఇంకాతా ఫ్రీడమ్ పార్టీకి, అంటే ఐఎఫ్‌పీకి, 18.07 శాతమే వచ్చింది. అయినా జూన్ 14న రాష్ట్ర ప్రీమియర్ అయింది ఐఎఫ్‌పీకి చెందిన థామి న్టూలి. అక్కడ ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రి లాంటి పదవి.

ఇందులో మోసం ఏమీ లేదు, ఎవరూ పార్టీ ఫిరాయించలేదు. మొత్తం విషయం 0.54 శాతం ఓట్లు, ఒకే ఒక్క సీటు వచ్చిన ఒక చిన్న పార్టీ దగ్గర తేలింది. ఆ సీటు ఎలా వచ్చిందో తెలిస్తే దామాషా పద్ధతి, అంటే ఓట్ల వాటాకు తగ్గట్టు సీట్లు పంచే పద్ధతి, సగం వచ్చేసినట్టే. ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక తెల్ల కాగితం ఉంటే చాలు. కింద చెప్పిన వరుసలో మీరే లెక్క వేసి, ఎన్నికల సంఘం ప్రకటించిన సీట్లతో సరిచూసుకోవచ్చు.

ఈ రాష్ట్రాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. 1860 నవంబర్ 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవుకు చేరింది. ఆ ఓడతో మొదలై, చెరకు తోటల్లో పనికి ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉంటున్నారు. అక్కడి ఆంధ్ర మహాసభ 1931 నుంచీ ఉంది. వాళ్ల ఓటు ఏమవుతుందో తెలుసుకోవడం మనకు పరాయి విషయం కాదు.

1. నియోజకవర్గం అనే ఆలోచనను పక్కన పెట్టండి

క్వాజులు-నాటాల్ శాసనసభకు 80 సీట్లు. కానీ రాష్ట్రాన్ని 80 ముక్కలు చెయ్యరు. మొత్తం రాష్ట్రమే ఒక నియోజకవర్గం. డర్బన్ నగరంలో వేసిన ఓటూ, ఉత్తరాన జులు పల్లెల్లో వేసిన ఓటూ ఒకే కుప్పలో పడతాయి. ఓటరు పార్టీకి ఓటు వేస్తాడు. పార్టీ ముందే ఇచ్చిన జాబితాలో పై నుంచి కిందికి, ఎన్ని సీట్లు వస్తే అంతమంది సభకు వెళ్తారు. జాబితాలో వరుస మార్చే అధికారం ఓటరుకు లేదు.

దీనివల్ల తేడా ఎంతో తెలియాలంటే మన ఆంధ్రప్రదేశ్ లెక్కలే చాలు. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 175లో 23. 2024లో వైఎస్సార్‌సీపీకి 39.37 శాతం వచ్చాయి, సీట్లు 11. రెండు పార్టీలకీ దాదాపు ఒకే వాటా, ఒకే రకమైన దెబ్బ. రాష్ట్రం మొత్తాన్నీ ఒకే కుప్పగా లెక్కపెడితే ఇద్దరికీ 68, 69 సీట్ల దాకా వచ్చేవి. మీరు ఏ పార్టీ అభిమాని అయినా సరే, ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఒకసారి ఆలోచించమని నా మనవి. పది మందిలో నలుగురి ఓటు సభలో అంత పలచగా కనిపించడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

2. సరైన బ్యాలెట్ ఫలితాన్ని తీసుకోండి

2024లో దక్షిణాఫ్రికా ఓటరు చేతికి మూడు బ్యాలెట్ పత్రాలు ఇచ్చారు. రెండు దేశ పార్లమెంటుకు, ఒకటి రాష్ట్ర శాసనసభకు. పార్లమెంటుకు వేసే రెండింటిలో ఒకదాన్ని కూడా రాష్ట్రాల వారీగానే లెక్కపెడతారు కాబట్టి 'క్వాజులు-నాటాల్ ఫలితం' అని రెండు వేర్వేరు పట్టికలు కనిపిస్తాయి. శాతాలు దగ్గరదగ్గరగా ఉంటాయి, కానీ ఒకటి కావు. మనకు కావలసింది శాసనసభ పట్టిక. మొత్తం సీట్లు 80 అని ఉంటే అదే.

అందులో మనకు పనికొచ్చే వరుసలు ఇవి:

ఎంకే: 45.35 శాతం
ఐఎఫ్‌పీ: 18.07
ఏఎన్‌సీ, అంటే ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్: 16.99
డీఏ, అంటే డెమోక్రటిక్ అలయన్స్: 13.36
ఈఎఫ్‌ఎఫ్, అంటే ఎకనామిక్ ఫ్రీడమ్ ఫైటర్స్: 2.26
ఎన్‌ఎఫ్‌పీ, అంటే నేషనల్ ఫ్రీడమ్ పార్టీ: 0.54

ఈ ఆరూ కలిపితే 96.57. మిగిలిన 3.43 శాతం చాలా చిన్న పార్టీల మధ్య చెదిరిపోయింది. వాటిలో ఏదీ 0.54ని అందుకోలేదు.

ఎవరు ఎవరో క్లుప్తంగా చెప్తాను, లేకపోతే అంకెలకు ప్రాణం ఉండదు. ఏఎన్‌సీ నెల్సన్ మండేలా పార్టీ, 1994 నుంచి దేశాన్ని ఏలుతున్నది. ఎంకే వెనుక ఉన్నది మాజీ దేశాధ్యక్షుడు జేకబ్ జుమా. ఏఎన్‌సీలోనే ఎదిగిన ఆయన 2023 డిసెంబర్‌లో ఈ కొత్త పార్టీకి మద్దతు ప్రకటించారు. ఆయన సొంత రాష్ట్రం ఇదే. ఐఎఫ్‌పీని 1975లో మంగోసుతు బుతెలేజి స్థాపించారు, జులు పల్లెల్లో దాని వేళ్లు లోతుగా ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌పీ 2011లో ఆ ఐఎఫ్‌పీ నుంచే చీలి వచ్చింది. ఈ చీలిక సంగతి గుర్తుపెట్టుకోండి.

3. కోటా కట్టండి

ఒక సీటుకు ఎన్ని ఓట్లు కావాలో చెప్పే అంకెను కోటా అంటారు. చాలామంది 100ని 80తో భాగించేస్తారు. ఇక్కడ సూత్రం అది కాదు. మొత్తం చెల్లిన ఓట్లను సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి, అంటే 81తో, భాగించాలి. వచ్చినదానికి ఒకటి కలిపి, దశాంశాలు వదిలెయ్యాలి. దీన్ని డ్రూప్ కోటా అంటారు.

ఆ అదనపు ఒకటి ఎందుకో చూడండి. మొత్తం 81,000 ఓట్లు పోలయ్యాయనుకుందాం. 81తో భాగిస్తే 1,000, ఒకటి కలిపితే 1,001. ఎనభై మందికి తలా 1,001 ఇస్తే 80,080 ఓట్లు ఖర్చవుతాయి, మిగిలేవి 920. అంటే 81వ వాడికి కోటా అందే అవకాశమే లేదు. ఎనభై సీట్లకు ఎనభై ఒక్కమంది అర్హులు తేలకుండా ఉండాలంటే పెట్టగలిగిన అతి చిన్న గీత ఇదే.

ఈ సూత్రం మనకు కొత్త కాదు. రాజ్యసభ ఎన్నికల ముందు పేపర్లలో 'ఒక్కో అభ్యర్థికి ఇంతమంది ఎమ్మెల్యేలు కావాలి' అని రాస్తారు కదా, అది ఈ సూత్రమే. మూడు ఖాళీలు ఉంటే తెలంగాణలో 119ని 4తో భాగించి 30 మంది కావాలంటారు, ఆంధ్రలో 175ని 4తో భాగించి 44 మంది అంటారు. మూడు ఖాళీలకు నాలుగుతో భాగిస్తున్నారని గమనించండి.

మన దగ్గర ఉన్నవి శాతాలు కాబట్టి 100ని 81తో భాగిద్దాం. 1.2346 వస్తుంది. లక్షల ఓట్లలో ఆ చివర కలిపే ఒక్క ఓటు శాతాల్లో కనిపించదు, వదిలెయ్యండి. అంటే క్వాజులు-నాటాల్‌లో ఒక పూర్తి సీటు ఖరీదు 1.2346 శాతం.

అదే దేశంలో ఉత్తర కేప్ రాష్ట్ర శాసనసభకు 30 సీట్లే. అక్కడ 100ని 31తో భాగిస్తే 3.23. స్పెయిన్‌లో సోరియా లాంటి చిన్న ప్రావిన్స్‌కి పార్లమెంటులో 2 సీట్లే ఉంటాయి, అక్కడ మూడో పార్టీకి దాదాపు చోటే ఉండదు. కాబట్టి ఎక్కడైనా 'దామాషా పద్ధతి' అని వినగానే ముందు అడగాల్సిన ప్రశ్న: ఆ నియోజకవర్గానికి ఎన్ని సీట్లు? చిన్న పార్టీల బతుకు అక్కడే తేలిపోతుంది.

4. పూర్తి కోటాలు పంచండి

ప్రతి పార్టీ శాతాన్నీ 1.2346తో భాగించండి.

ఎంకే: 36.73
ఐఎఫ్‌పీ: 14.64
ఏఎన్‌సీ: 13.76
డీఏ: 10.82
ఈఎఫ్‌ఎఫ్: 1.83
ఎన్‌ఎఫ్‌పీ: 0.44

దశాంశానికి ఎడమ వైపు ఉన్నవి ఖాయమైన సీట్లు: 36, 14, 13, 10, 1, 0. కలిపితే 74. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు. ఎన్నికలో ఇవి వాదనకు తావులేని సీట్లు.

మిగిలినవి ఆరు. నన్నడిగితే, ఫలితం చదవడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఈ ఆరు సీట్ల కోసమే ఇంత రాస్తున్నాను.

5. మిగులు ఓట్లను వరుసలో పెట్టండి

ఇప్పుడు దశాంశానికి కుడి వైపు చూడండి. అది ఆ పార్టీ దగ్గర ఇంకా ఖర్చు కాకుండా మిగిలిన ఓటు. పెద్దది ముందు పెట్టి రాస్తే:

ఈఎఫ్‌ఎఫ్ 0.83
డీఏ 0.82
ఏఎన్‌సీ 0.76
ఎంకే 0.73
ఐఎఫ్‌పీ 0.64
ఎన్‌ఎఫ్‌పీ 0.44

మిగిలిన సీట్లు ఆరు, వరుసలో ఉన్నవీ ఆరు. తలా ఒకటి. చివరి లెక్క ఇది: ఎంకే 37, ఐఎఫ్‌పీ 15, ఏఎన్‌సీ 14, డీఏ 11, ఈఎఫ్‌ఎఫ్ 2, ఎన్‌ఎఫ్‌పీ 1. మొత్తం 80. ఎన్నికల సంఘం ప్రకటించిన ఫలితం కూడా అక్షరాలా ఇదే.

ఎన్‌ఎఫ్‌పీకి అర సీటుకు సరిపడా ఓట్లు కూడా లేవు. అయినా సీటు వచ్చింది, ఎందుకంటే మిగిలిన ఒక్క సీటు ఎవరికో ఒకరికి ఇవ్వాలి, అప్పటికి మిగిలిన కుప్పల్లో పెద్దది అదే. ఐదు మిగులు సీట్లే ఉండి ఉంటే అది బయట ఉండేది. దక్షిణాఫ్రికాలో కనీస శాతం గీత కూడా లేదు. జర్మనీలో లాగా 5 శాతం దాటాలన్న నిబంధన ఉంటే ఎన్‌ఎఫ్‌పీ, ఈఎఫ్‌ఎఫ్ రెండూ సభలో కనిపించేవి కావు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పత్రికల్లో వచ్చే శాతాలు రెండు దశాంశాలకు సవరించినవి. రెండు పార్టీల మిగులు 0.40, 0.39 లాగా బాగా దగ్గరగా ఉంటే శాతాలను నమ్మకండి, అసలు ఓట్ల సంఖ్య తెచ్చుకుని మళ్లీ భాగించండి. 2024లో ఆ అవసరం రాలేదు.

6. అధికారం లెక్క చివర్లో వెయ్యండి, ముందు వద్దు

80లో మెజారిటీకి 41 కావాలి. కాగితం మీద రెండు గుంపులు రాయండి. ఎంకే, ఈఎఫ్‌ఎఫ్ కలిస్తే 39. ఐఎఫ్‌పీ, ఏఎన్‌సీ, డీఏ కలిస్తే 40. అటు వెళ్తే 40-40, ఇటు వస్తే 41-39. ఆ ఒక్క సీటు ఎన్‌ఎఫ్‌పీది. అది ఐఎఫ్‌పీ వైపు వచ్చింది. పదమూడేళ్ల కిందట ఐఎఫ్‌పీ నుంచి విడిపోయిన పార్టీ, ఐఎఫ్‌పీ మనిషి ప్రీమియర్ కావడానికి కావాల్సిన చివరి సీటు ఇచ్చింది.

అయితే లెక్క ఒక్కటే ప్రభుత్వాన్ని నిర్ణయించదు. ఎంకే, ఐఎఫ్‌పీ కలిస్తే 52. ఎంకే, ఏఎన్‌సీ కలిస్తే 51. కాగితం మీద రెండూ సాధ్యమే, బలమైనవి కూడా. కానీ జుమా ఏఎన్‌సీని కాదని కొత్త పార్టీ వెనక నిలబడ్డాక ఎంకే, ఏఎన్‌సీ కలవడం జరిగే పని కాదు. ఇంకోవైపు దేశ పార్లమెంటు ఉన్న కేప్‌టౌన్‌లో అదే జూన్ 14న ఏఎన్‌సీ, డీఏ, ఐఎఫ్‌పీ దేశస్థాయిలో చేతులు కలిపి సిరిల్ రామఫోసాను మళ్లీ అధ్యక్షుణ్ని చేశాయి. రాష్ట్రంలో జరిగింది దానికి నీడ. కాబట్టి ముందు సీట్లు కూడండి, తర్వాత ఎవరు ఎవరితో కూర్చోగలరో చూడండి. రెండూ కలిస్తేనే ఫలితం తెలుస్తుంది.

'అతి పెద్ద పార్టీని పక్కన పెట్టడం అన్యాయం కాదా' అని అడిగేవాళ్లు ఉంటారు. ఎంకేకి 45.35 శాతం ఓట్లు, 46.25 శాతం సీట్లు వచ్చాయి. ఓట్లకన్నా కాస్త ఎక్కువే దక్కింది, తక్కువ కాదు. దానికి దక్కనిది సగం దాటిన మద్దతు. ఓటు వేసినవాళ్లలో సగం కన్నా ఎక్కువమంది వేరే పార్టీలను కోరుకున్నారు. వాళ్ల ప్రతినిధులు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే అందులో తప్పు నాకు కనిపించదు.

7. అవే ఓట్లను వేరే సూత్రంలో పెట్టి చూడండి

ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. దయచేసి మీరు వదలకండి, అసలు ఆశ్చర్యం ఇక్కడే ఉంది.

స్పెయిన్, పోర్చుగల్, టర్కీ లాంటి దేశాల్లో డాంట్ సూత్రం వాడతారు. అందులో మిగులు అనే మాట లేదు. ప్రతి పార్టీ ఓట్లనూ 1, 2, 3 అంటూ వరుసగా భాగించి, వచ్చిన అంకెలన్నిటిలో పెద్దవి ఎన్ని సీట్లు ఉంటే అన్ని ఏరుతారు. ఎనభై సీట్లకు అలా చేస్తే కాగితం సరిపోదు, దగ్గరి దారి ఉంది. ఒక సీటుకు ఒక ధర అనుకోండి. ప్రతి పార్టీ శాతాన్నీ ఆ ధరతో భాగించి దశాంశాలు కొట్టెయ్యండి. మొత్తం 80 కన్నా తక్కువ వస్తే ధర కొంచెం తగ్గించండి, ఎక్కువ వస్తే పెంచండి. సరిగ్గా 80 వచ్చేదాకా.

క్వాజులు-నాటాల్‌కి ఆ ధర 1.15. భాగించి చూడండి: ఎంకే 39.43, అంటే 39. ఐఎఫ్‌పీ 15. ఏఎన్‌సీ 14. డీఏ 11. ఈఎఫ్‌ఎఫ్ 1.97, అంటే 1. ఎన్‌ఎఫ్‌పీ 0. కలిపితే 80.

ఇప్పుడు రెండు గుంపులు మళ్లీ కూడండి. ఎంకే 39, ఈఎఫ్‌ఎఫ్ 1, మొత్తం 40. ఐఎఫ్‌పీ 15, ఏఎన్‌సీ 14, డీఏ 11, మొత్తం 40. సరిసమానం.

ఇంకో సూత్రం ఉంది, సెయింట్-లాగ్యూ. న్యూజిలాండ్, జర్మనీ వాడతాయి. అందులో దశాంశాలను కొట్టెయ్యకుండా దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. దానికి ధర 1.209 పెట్టి చూడండి. ఎంకే 38, ఐఎఫ్‌పీ 15, ఏఎన్‌సీ 14, డీఏ 11, ఈఎఫ్‌ఎఫ్ 2. మళ్లీ 40-40.

ఒక్క ఓటు కూడా మారలేదు. లక్షలమంది లైన్లో నిలబడి వేసిన ఓట్లు అవే. సూత్రం మారితే ప్రభుత్వం ఏర్పడ్డ రాష్ట్రం కాస్తా ప్రతిష్టంభనలో పడ్డ రాష్ట్రం అవుతుంది. అందుకే దామాషా పద్ధతి కావాలని మన దేశంలో ఎవరు మాట్లాడినా, ఏ సూత్రం, ఎన్ని సీట్ల నియోజకవర్గం, కనీస శాతం ఎంత అని కూడా చెప్పమని అడగాలి. అవి చెప్పకుండా 'దామాషా' అన్న ఒక్క మాటతో ఏదీ తేలదు.

8. గత ఎన్నికతో పోల్చండి, కానీ ఓట్లు ఎటు వెళ్లాయో గట్టిగా చెప్పకండి

2019లో ఇదే సభలో ఏఎన్‌సీకి 54.22 శాతం, 44 సీట్లు. ఐఎఫ్‌పీకి 16.34, సీట్లు 13. డీఏకి 13.90, సీట్లు 11. ఈఎఫ్‌ఎఫ్‌కి 9.71, సీట్లు 8. ఎన్‌ఎఫ్‌పీకి 1.57, సీటు 1. మైనారిటీ ఫ్రంట్‌కు 0.52, ఆఫ్రికన్ ట్రాన్స్‌ఫర్మేషన్ మూవ్‌మెంట్‌కు 0.49, ఆఫ్రికన్ క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీకి 0.48, ఈ మూడింటికీ తలా ఒకటి.

ముందు ఇదే కోటాతో ఈ లెక్క వేసి చెయ్యి తిప్పుకోండి. పూర్తి కోటాలు 43, 13, 11, 7, 1. మొత్తం 75. మిగిలిన ఐదు సీట్లూ ఏఎన్‌సీ, ఈఎఫ్‌ఎఫ్, తర్వాత ఆ మూడు చిన్న పార్టీలకు వెళ్తాయి. సరిపోయిందా? సరిపోతే మీకు పద్ధతి వచ్చేసింది.

ఇప్పుడు రెండు ఎన్నికల మధ్య తేడా చూడండి. ఏఎన్‌సీ 37.23 పాయింట్లు పోగొట్టుకుంది, ఈఎఫ్‌ఎఫ్ 7.45. రెండూ కలిపితే 44.68. ఎంకే కొత్తగా తెచ్చుకున్నది 45.35. చూడగానే 'వాళ్ల ఓట్లే వీళ్లకు వెళ్లాయి' అనిపిస్తుంది. పెద్ద ఎత్తున అదే జరిగి ఉండాలని నాకూ అనిపిస్తుంది. కానీ ఫలితాల పట్టిక ఆ మాట రుజువు చెయ్యలేదు. ఐదేళ్లలో కొందరు కొత్తగా ఓటర్లయ్యారు, కొందరు ఇంట్లో ఉండిపోయారు, కొందరు ఐఎఫ్‌పీకి మారారు. మొత్తాలు కలవడం వేరు, మనుషులు కదలడం వేరు. ఆ తేడా తెలియాలంటే పోలింగ్ కేంద్రాల వారీ అంకెలు చూడాలి.

చిన్న పార్టీల విషయంలో ఇంకో సంగతి. 2019లో ఎన్‌ఎఫ్‌పీ 1.57 శాతంతో ఒక పూర్తి కోటా దాటి సీటు తెచ్చుకుంది. 2024లో 0.54తో మిగులు మీద తెచ్చుకుంది. రెండుసార్లూ ఒక్క సీటే. సీట్ల వరస మాత్రమే చూసేవాళ్లకు ఆ పార్టీ కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి అది మూడింట రెండొంతుల ఓటు పోగొట్టుకుంది. కాబట్టి సీటు పక్కన 'పూర్తి కోటా' అనో 'మిగులు' అనో చిన్న గుర్తు పెట్టుకోండి.

9. ఒక సముదాయం ఓటును వెతకాలంటే

మైనారిటీ ఫ్రంట్ పేరు పైన చూశారు. 1993లో అమిచంద్ రాజ్‌బన్సీ పెట్టిన పార్టీ అది. భారతీయ మూలాలున్నవాళ్లు ఎక్కువగా ఉండే డర్బన్ శివారు చాట్స్‌వర్త్ దాని కోట. ఆ పార్టీ సీట్లు వరసగా చూడండి: 1994లో 1, 1999లో 2, 2004లో 2, 2009లో 2, 2014లో 1, 2019లో 1, 2024లో సున్నా. రాజ్‌బన్సీ 2011లో చనిపోయారు. ఆయన ఉన్నంతకాలం నిలిచిన ఓటు ఆ తర్వాత నిలవలేదు.

ఈ వరస చూసి భారతీయుల ఓటు పోయిందని రాయకండి. తమిళ, హిందీ, గుజరాతీ, తెలుగు కుటుంబాల వాళ్లు అక్కడ డీఏకీ, ఏఎన్‌సీకీ, ఇతర పార్టీలకూ కూడా ఓటు వేస్తారు. రాష్ట్రమంతా ఒకే కుప్ప అయినప్పుడు ఒక సముదాయం ఎక్కడ ఎంత ఉందో పట్టికలో కనిపించదు. అయితే మన పద్ధతిలో చెదిరి ఉన్న సముదాయానికి ఒక్క సీటూ రాదు, అక్కడ 1.23 శాతం కూడగట్టగలిగితే ఎక్కడెక్కడ ఉన్నా ఒక గొంతు ఖాయం. పాతికేళ్లకు పైగా మైనారిటీ ఫ్రంట్ సభలో కూర్చున్నది ఓట్లన్నీ ఇలా ఒకే కుప్పలో పడటం వల్లే. చిన్న సముదాయాల కోణం నుంచి చూస్తే దామాషా పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

నచ్చనిది కూడా చెప్పాలి. చాట్స్‌వర్త్ ఓటరుకు 'మా ఎమ్మెల్యే' అని చెప్పుకోవడానికి ఎవరూ లేరు. నీళ్లు రాకపోతే, ఆసుపత్రిలో డాక్టర్ లేకపోతే ఎవరి ఇంటి ముందు నిలబడాలి? పార్టీలే తమ సభ్యులకు ప్రాంతాలు అప్పగించి ఆఫీసులు పెట్టిస్తాయి. అయితే ఆ సభ్యుడి భవిష్యత్తు ఓటరు చేతిలో ఉండదు, జాబితా రాసే పార్టీ పెద్దల చేతిలో ఉంటుంది. ఈ లోటు చిన్నది కాదు.

10. తర్వాత వచ్చే వార్తల్ని కూడా ఈ కళ్లతోనే చదవండి

సభ్యుడు చనిపోయినా, రాజీనామా చేసినా ఉప ఎన్నిక జరగదు. అదే పార్టీ జాబితా నుంచి ఇంకొకరు వస్తారు. పార్టీ సభ్యత్వం పోతే సీటూ పోతుంది. ఒకప్పుడు కొన్నేళ్లు ఫిరాయింపులకు చట్టం అవకాశం ఇచ్చింది, 2009లో దాన్ని రద్దు చేశారు. అంటే సీట్ల సంఖ్య ఐదేళ్లూ దాదాపు కదలదు. కదిలేది పొత్తులే. 41-39 సభలో ఒక్క సభ్యుడు ఆ రోజు రాకపోయినా వార్తే, ఎన్‌ఎఫ్‌పీ లోపల ఏ గొడవ జరిగినా రాష్ట్ర ప్రభుత్వానికి టెన్షనే. క్వాజులు-నాటాల్ గురించి ఏ వార్త కనిపించినా ముందు ఆ ఒక్క సీటు ఎటు ఉందో చూడండి.

సొంతంగా చెయ్యడానికి ఒకటి

1994 ఏప్రిల్‌లో జరిగిన మొదటి ప్రజాస్వామ్య ఎన్నికలో ఈ సభకు 81 సీట్లు ఉండేవి. కాబట్టి 82తో భాగించాలి, కోటా 1.2195. ఓట్లు ఇలా వచ్చాయి: ఐఎఫ్‌పీ 50.32 శాతం, ఏఎన్‌సీ 32.23, నేషనల్ పార్టీ 11.21, డెమోక్రటిక్ పార్టీ 2.15, మైనారిటీ ఫ్రంట్ 1.34, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ 0.73, ఆఫ్రికన్ క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీ 0.67.

పూర్తి కోటాలు వేసుకుంటే 78 సీట్లు తేలతాయి, మూడు మిగులుతాయి. ఆ మూడూ ఎవరికి వెళ్లాయో కనుక్కోండి. తర్వాత ఐఎఫ్‌పీ సీట్లు చూడండి. 41 వస్తే మీ లెక్క సరైనది. 81లో 41 అంటే ఒక్క సీటు మెజారిటీ. ఆ బలంతోనే ఐఎఫ్‌పీ నాయకుడు ఫ్రాంక్ మ్‌డ్లలోసె రాష్ట్రానికి మొదటి ప్రీమియర్ అయ్యారు. మిగులు సీట్లు మూడూ డెమోక్రటిక్ పార్టీకి, పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్‌కు, క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీకి తలా ఒకటి రావాలి. మైనారిటీ ఫ్రంట్ సీటు మాత్రం ఆ ఏడాది మిగులుది కాదు, పూర్తి కోటాతో తెచ్చుకున్నది.